మొరాయించే రోలర్ కోస్టర్ మీద నలుగురి మాట

ఏ అమ్యూజ్‌మెంట్ పార్కు గురించి మాట్లాడుకున్నా ఒక ఫిర్యాదు వచ్చి తీరుతుంది: "దేని కోసం అంత దూరం పోయామో అదే ఆవేళ తిరగలేదు." పిల్లల రైలు ఆగిపోతే ఎవరికీ పట్టదు. ఇంకెక్కడా లేనిది, ఫొటోలో చూసి ముచ్చటపడినది, దాన్ని చూపించే టికెట్లు అమ్మినది ఆగితేనే గొడవ. చిక్కేమిటంటే, ఆ వింత రైడే అన్నిటికంటే ఎక్కువగా ఆగుతుంది. దాని మీద ఒక్కొక్కరిది ఒక్కో మాట. దండగమారి యంత్రమని కొందరు, కాచుకుని ఎక్కాల్సిందేనని కొందరు, ప్రమాదమని కొందరు, అసలు అవసరమేముందని పెద్దవాళ్లు. ఈ మాటల్లో ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడాలనే ఈ వ్యాసం.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు వైపు వాళ్లకి ఈ తగువులో ఒక ప్రత్యేకత ఉంది. మనకు రెండు లోకాలూ తెలుసు. ఒకటి హైదరాబాద్ వెళ్లి చూసొచ్చే పార్కు. రాత్రి బస్సో రైలో ఎక్కి, పొద్దున్నే దిగి, గేటు దగ్గర ఒకే టికెట్ కొనుక్కుని సాయంత్రం దాకా తిరిగేది. రెండోది ఊళ్లోకే వచ్చే తీర్థం. భీమవరంలో సంక్రాంతి నుంచి మావుళ్లమ్మ ఉత్సవాలు, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, ఏడేళ్లకోసారి ఏలూరు గంగమ్మ జాతర, వేసవి సెలవుల్లో పట్నాల్లో ఎగ్జిబిషన్లు. జీళ్లు, ఢిల్లీ అప్పడాలు, మృత్యుబావిలో మోటార్ సైకిల్, వాటి వెనకాల జెయింట్ వీల్, పడవలా ఊగే కొలంబస్, గిరగిర తిరిగే బ్రేక్ డ్యాన్స్, చిన్నపిల్లలకి డ్రాగన్ ట్రైన్. ఆ డ్రాగన్ ట్రైనే చాలామంది పిల్లలకి మొదటి రోలర్ కోస్టర్.

పార్కులో రైడ్ ఆగితే తిడతాం. తీర్థంలో రైడ్ ఆగిందని ఎవరైనా విసుక్కోగా విన్నారా? "ఆయ్, బాగా తిరిగిందండి" అన్న మాటే వింటాం. అది సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా తిరుగుతూనే ఉంటుంది. నమ్మకమైన యంత్రం ఏది, నమ్మకం లేనిది ఏది అన్న లెక్క ఇక్కడే తిరగబడుతుంది.

ముందు, వింత రైడ్ ఎందుకు మొరాయిస్తుందో కాస్త దగ్గరగా చూడాలి.

మనవాళ్లు ఎక్కువగా ఎక్కే పెద్ద కోస్టర్ హైదరాబాద్ శివార్లలో రావిర్యాల దగ్గరి వండర్‌లాలోని రీకాయిల్. ఆ పార్కు 2016 ఏప్రిల్‌లో తెరిచారు. రీకాయిల్ నెదర్లాండ్స్ కంపెనీ వెకోమా తయారుచేసే బూమరాంగ్ రకం. మామూలు కోస్టర్ గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికి వస్తుంది. ఇది అలా కాదు. బండిని ముందు వెనక్కి లాగి, దాదాపు 35 మీటర్ల ఎత్తు దాకా వాలు మీదికి ఎక్కించి వదులుతారు. అది స్టేషన్‌లోంచి దూసుకుపోయి మూడుసార్లు తలకిందులై, అవతలి వాలు మీదికి ఎక్కుతుంది. అక్కడ గొలుసు దాన్ని అందుకుని పైదాకా లాగి మళ్లీ వదులుతుంది. ఇప్పుడు అదే దారిలో, వెనక్కి, కళ్లకు కనబడని దిక్కుగా మళ్లీ మూడు పల్టీలు. పట్టా పొడవు 300 మీటర్లు కూడా ఉండదు. రెండు నిమిషాల్లోపు అయిపోతుంది.

ఇందులో కీలకం ఆ అవతలి వాలు. బండి తన ఊపుతోనే అక్కడి గొలుసు దాకా చేరాలి. చక్రాలు బిగువుగా ఉన్నా, చలికి గ్రీజు గట్టిపడినా, ఎదురుగాలి బలంగా ఉన్నా, బండి మరీ ఖాళీగా ఉన్నా ఊపు చాలకపోవచ్చు. అప్పుడది గొలుసు అందక వెనక్కి జారి, రెండు ఎత్తుల మధ్య పల్లంలో ఉయ్యాలలా ఊగి ఊగి ఆగిపోతుంది. ప్రపంచంలో ఇలాంటివి యాభైకి పైగా కట్టారు, 1980ల మొదటి నుంచీ ఉన్నాయి. కాబట్టి ఈ పేచీ అందరికీ తెలుసు, దానికి మందూ తెలుసు. పొద్దున్నే ఖాళీ బండిని, ఆ తర్వాత నీళ్లు నింపిన బొమ్మల్ని కూర్చోబెట్టి తిప్పి చూస్తారు. గాలి మితిమీరితే ఆపేస్తారు. ఎక్కేవాడికి ఇది వింత, కట్టేవాడికి నలభై ఏళ్ల పాత సరుకు. ఈ తేడా గుర్తుంచుకోవాలి. మొరాయించేది ఎక్కేవాడికి వింతగా కనిపించే ప్రతిదీ కాదు, కట్టేవాడికి కూడా కొత్త అయినది.

అలాంటి దానికి అసలైన ఉదాహరణ అమెరికాలో ఉంది. కాలిఫోర్నియాలో వాలెన్సియా దగ్గరి సిక్స్ ఫ్లాగ్స్ మ్యాజిక్ మౌంటెన్‌లో 2002లో తెరిచిన "ఎక్స్". అంతవరకు కోస్టర్లలో సీటు బండికి బిగించి ఉండేది. బండి ఎటు తిరిగితే మనిషీ అటే. ఎక్స్‌లో సీట్లు పట్టాకి రెండు పక్కలా రెక్కల్లా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, బండితో నిమిత్తం లేకుండా గిరగిరా తిరుగుతాయి. పట్టాకి రెండు కాదు, నాలుగు కమ్మీలు: రెండు బండిని మోయడానికి, తక్కిన రెండు సీట్లు ఎప్పుడు ఎటు తిరగాలో నిర్ణయించడానికి. ఆ కమ్మీల ఎత్తుపల్లాలు పళ్లచక్రాల ద్వారా సీటుని తిప్పుతాయి. 60 మీటర్లకు పైగా ఎత్తు నుంచి బోర్లా పడుకున్నట్టు, నేలని చూస్తూ కిందికి పడతాడు మనిషి. కాగితం మీద ఎంత అందమైన ఊహో!

కట్టాక తెలిసింది బరువు సంగతి. బండి భారీ, కదిలే భాగాలు లెక్కకు మిక్కిలి, అరుగుదల అంతకంటే ఎక్కువ. తెరిచిన ఏడాదే వేసవిలో, రద్దీ మొదలయ్యే వేళకి, నెలల తరబడి మూసేశారు. తయారుచేసిన ఆరో డైనమిక్స్ సామాన్య కంపెనీ కాదు. 1959లో డిస్నీల్యాండ్‌కి మ్యాటర్‌హార్న్ కట్టి, గొట్టపు ఉక్కు పట్టాల యుగాన్ని మొదలుపెట్టిన సంస్థ. ఎక్స్ జనం ముందుకొచ్చే రోజులకే అది దివాలా తీసింది. తర్వాత దాని ఆస్తుల్ని ఎస్ అండ్ ఎస్ అనే మరో కంపెనీ కొనుక్కుంది. పార్కు వాళ్లు 2007 చివర్లో రైడ్‌ని ఆపి, కొత్త బోగీలు చేయించి, 2008లో "ఎక్స్ 2" అని పేరు మార్చి మళ్లీ తెరిచారు. ఇప్పటికీ తిరుగుతోంది. అదే ఊహతో ఎస్ అండ్ ఎస్ 2006లో జపాన్‌లో ఫుజి-క్యూ పార్కుకి ఏజనైకా కట్టింది. అంటే మొదటిది కట్టినవాడు మునిగాడు, రెండోది కట్టినవాడు ఆ అనుభవం మీద నిలబడ్డాడు. మధ్యలో ఎక్స్ కోసం టికెట్ కొని తాడు కట్టిన గేటు చూసి వెనక్కొచ్చిన వేలమంది ఉన్నారు. వాళ్ల డబ్బు కూడా ఆ పరిశోధనలో పెట్టుబడే. వాళ్లని ఎవరూ అడగలేదంతే.

టికెట్ కొన్నవాడి మాటలో బలమైన భాగం ఇదేననిపిస్తుంది. అతను కోస్టర్ గురించి ఫిర్యాదు చేస్తున్నాననుకుంటాడు. నిజానికి అతని తగువు అమ్మకం గురించి. కట్టేవాడికి కూడా కొత్త అయిన యంత్రాన్ని, పది నెలలు నడిపి చూడకుండానే, పార్కు ముఖచిత్రంగా వేసి అమ్మడం. ఆ ఊహ తప్పు కాదు. దాన్ని తేలిన సంగతిగా అమ్మడం తప్పు.

వింతల వేటగాళ్లు దీన్ని ఒప్పుకోరు. కోస్టర్లంటే పడిచచ్చేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. వాళ్ల వాదన: నమ్మకంగా నడిచేవే కావాలంటే అన్ని పార్కుల్లోనూ ఒకే నమూనా ఉంటుంది, కొత్తది ఎక్కణ్నుంచి వస్తుంది? ఒహాయోలోని కింగ్స్ ఐలాండ్‌లో 1981లో "ద బ్యాట్" అని ఒకటి తెరిచారు. బండి పట్టా మీద కాకుండా పట్టా కింద వేలాడుతూ, మలుపుల్లో పక్కలకు ఊగుతూ పోయేది. కట్టింది మళ్లీ ఆరో వాళ్లే. మలుపుల దగ్గర పట్టాని సరైన వాలుతో వంచకపోవడంతో పట్టా మీద, బండి మీద ఒత్తిడి పెరిగి మాటిమాటికీ చెడిపోయేది. 1983 తర్వాత తిరగలేదు. అయినా దాన్ని ఎక్కినవాళ్లు నలభై ఏళ్లుగా దాని గురించి చెప్పుకుంటూనే ఉన్నారు. అదే కంపెనీ ఆ పాఠం నేర్చుకుని తర్వాత కట్టిన వేలాడే కోస్టర్లు చక్కగా నడిచాయి. వేటగాళ్లు చూపించే సాక్ష్యం ఇది. దీన్ని కొట్టిపారేయలేం.

ఇంకా తమాషా అయిన అభిప్రాయం ఒకటుంది. ఒహాయోలోనే సెడార్ పాయింట్‌లో 2003లో తెరిచిన టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్‌ది ఒకే ఒక్క పని. బండిని హైడ్రాలిక్ మోటారుతో గంటకు 193 కిలోమీటర్ల వేగానికి తోసి, 128 మీటర్ల నిలువు గోపురం ఎక్కించి దించడం. అప్పుడప్పుడు తోపు చాలక బండి శిఖరం దాకా వెళ్లి, అక్కడ ఒక్క క్షణం తటపటాయించి, వెనక్కి జారిపోయేది. వెనక్కి వచ్చే బండి కోసమే పట్టా మీద బ్రేకు రేకులు లేచి ఉండేవి, కాబట్టి ప్రమాదం లేదు. తర్వాత మళ్లీ తోసేవారు. క్యూలో ఉన్న చాలామంది తమ బండి ఇలా వెనక్కి రావాలని కోరుకునేవారు! ఒక టికెట్‌కి రెండుసార్లు తోపు, అదీ అరుదుగా దొరికేది. యంత్రం తప్పిందే బహుమతి అయింది. వింత రైడ్ మీద మనుషుల అభిప్రాయం తర్కానికి ఎంత లొంగదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

దాని తమ్ముడు న్యూజెర్సీలో మన వాళ్లకి బాగా పరిచయం. ఎడిసన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకి జాక్సన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ గంటసేపు కారు దారి. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లే చోట్లలో అదొకటి. అక్కడ 2005లో తెరిచిన కింగ్డా కా ఎత్తు 139 మీటర్లు, వేగం గంటకు 206 కిలోమీటర్లు. ఎక్కితే నిమిషం కూడా పట్టేది కాదు. కాచుకోవడం గంటల్లెక్క. వాన పడితే లేదు, గాలి వీస్తే లేదు, మోటారు తాడు మీద అనుమానం వస్తే లేదు. "రెండు గంటలు నిలబడి అరనిమిషం తిరగడమేంట్రా అబ్బాయ్" అని అడిగే నాన్నగారికి ఏ కొడుకూ సరైన సమాధానం చెప్పి ఉండడు. 2024 నవంబరులో దాన్ని శాశ్వతంగా ఆపేశారు. 2025 ఫిబ్రవరి 28న పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

డ్రాగ్‌స్టర్ కథ మరోలా ముగిసింది. 2021 ఆగస్టులో బండి నుంచి ఊడిన చిన్న లోహపు ముక్క క్యూలో నిలబడ్డ మహిళకు తగిలి తీవ్రంగా గాయపరిచింది. తర్వాత దాన్ని కొత్త రకం విద్యుదయస్కాంత తోపుతో మార్చి, 2024 మే నెలలో టాప్ థ్రిల్ 2 పేరుతో తెరిచారు. వారం తిరిగేసరికి బోగీల్లో సమస్య తేలి, ఆ ఏడాదంతా మూసేశారు. 2025లో గానీ మళ్లీ తిరగలేదు. అప్పుడు వచ్చిన తిట్లకి లెక్కలేదు. నా మటుకు నాకు, ఆ రెండు మూసివేతలూ ఒకటి కావు. 2021ది గాయం తర్వాత వచ్చింది. 2024ది గాయం కాకముందే వచ్చింది. జనం ఎక్కువగా తిట్టింది రెండోదాన్నే.

మొరాయింపునీ ప్రమాదాన్నీ ఒకే గాటన కట్టేసే అలవాటు ఇక్కడ మనల్ని దారి తప్పిస్తుంది. పెద్ద కోస్టర్ పట్టాని ముక్కలు ముక్కలుగా విభజించి, ఒక ముక్కలో ఒక్క బండే ఉండేటట్టు చూస్తారు. రైల్వేలో సిగ్నల్ పద్ధతి లాంటిదే. ప్రతి ముక్క దగ్గరా సెన్సర్లుంటాయి. బండి రావాల్సిన క్షణానికి రాకపోయినా, రెండు సెన్సర్లు రెండు మాటలు చెప్పినా, కంప్యూటర్ ఎవరినీ అడగదు, మొత్తం ఆపేస్తుంది. చాలాసార్లు తప్పు బండిది కాదు, దుమ్ము పట్టిన సెన్సర్‌ది. అయినా ఆగుతుంది. మనిషి వచ్చి చూసి, తాళం తిప్పితేగానీ కదలదు. ఎత్తు ఎక్కేటప్పుడు కింద టకటకమని వినబడే చప్పుడు కూడా అలాంటిదే. చాలామంది అది గొలుసు చప్పుడనుకుంటారు. బండి కింద వేలాడే ఉక్కు నాలుక పట్టా మధ్య ఉన్న పళ్ల మీద ఒక్కొక్కటిగా పడుతుంటే వచ్చే చప్పుడది. గొలుసు తెగితే బండి వెనక్కి జారకుండా ఆ నాలుకే పట్టుకుంటుంది. చప్పుడు వినబడినంతసేపూ నిశ్చింతగా ఉండొచ్చు.

అలాగని, ఎక్కువగా ఆగేదంతా భద్రమైనదని అనుకోవడమూ పొరపాటే. కింగ్స్ ఐలాండ్‌లోనే 2000లో తెరిచిన "సన్ ఆఫ్ బీస్ట్" రెండు పాపాలూ మూటగట్టుకుంది. కొయ్య కోస్టర్లలో అంత ఎత్తయినది అంతకు ముందు లేదు. కొయ్య కట్టడంలో నిలువు లూపు పెట్టడం ఇంకో సాహసం. మొదటి నుంచీ మరమ్మతులే. 2006 జూలైలో కొయ్య చట్రంలో ఒక భాగం దెబ్బతిని, పట్టా మీద గొయ్యిలా ఏర్పడితే, బండి దాని మీదుగా దూకి 27 మంది గాయపడ్డారు. లూపు తీసేసి, తేలిక బండ్లు పెట్టి మళ్లీ నడిపారు. 2009లో మూతపడింది, 2012లో పడగొట్టారు. అది ఆగాల్సినన్నిసార్లు ఆగింది, ఆగాల్సిన రోజున ఆగలేదు.

జపాన్‌లో దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ. ఫుజి-క్యూలో 2001 నుంచి నడిచిన డోడోన్పాని 2017లో మార్చి డో-డోడోన్పా చేశారు. గాలి ఒత్తిడితో రెండు సెకన్లలోపే గంటకు 180 కిలోమీటర్ల వేగం. అది తిరుగుతూనే ఉండేది. కానీ 2020 చివరి నుంచి ఎక్కినవాళ్లలో కొందరికి మెడ, వెన్ను ఎముకలు విరిగినట్టు ఫిర్యాదులొచ్చాయి. 2021 ఆగస్టులో ఆపారు, 2024లో ఇక తెరవబోమని ప్రకటించారు. సమయపట్టిక ప్రకారం చూస్తే నమ్మకమైన యంత్రం. విరిగింది ఎక్కినవాళ్ల ఎముకలు.

ఇప్పుడు మన తీర్థానికి రండి.

జెయింట్ వీల్ దగ్గర పైకి చూడకుండా ఒక్కసారి కిందికి చూడండి. కొల్లేరు చుట్టుపక్కల నేల రేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అలాంటి మైదానంలో నాలుగైదు రోజుల్లో నిలబెట్టిన చక్రానికి కాంక్రీటు పునాది ఉండదు. ఇనుప కాళ్ల కింద మందపాటి చెక్క దిమ్మెలు, వాటి సందుల్లో సుత్తితో బిగించిన కొయ్య మేకులు. అకాల వాన పడితే ఒక కాలు రెండు వేళ్ల మందం దిగొచ్చు. దాన్ని కనిపెట్టేది సెన్సర్ కాదు, రాత్రి పన్నెండింటికి లెక్క చూసుకుని పడుకునే ముందు టార్చిలైటుతో ఒక చుట్టు తిరిగే మనిషి. అతను తిరిగితే కనిపెడతాడు. తొట్ల బరువు సరితూగేటట్టు ఎదురెదురుగా జనాన్ని ఎక్కించడం కూడా అతని కంటి లెక్కే. నలుగురు లావుపాటివాళ్లు ఒకే తొట్టిలో ఎక్కుతామంటే, "అన్నా, మీరు ఇద్దరు అవతలి దాంట్లో" అనే కుర్రాడు నిజానికి ఇంజనీరు పని చేస్తున్నాడు. వాళ్ల నైపుణ్యాన్ని తక్కువ చేసి చూడను. అంత నైపుణ్యం మీద మాత్రమే ఆధారపడే ఏర్పాటునే తక్కువ చేస్తున్నాను.

ఎందుకు ఆగదు అన్నదానికి జవాబు డబ్బు నడిచే తీరులో ఉంది. పార్కులో పొద్దున్నే ఒకే టికెట్. మధ్యాహ్నం రైడ్ ఆగినా ఆ డబ్బు గల్లాపెట్టెలోనే ఉంది. నష్టం ఎక్కేవాడిది. తీర్థంలో ప్రతి ఎక్కుడికీ విడిగా టికెట్. చక్రం గంట ఆగితే గంట రాబడి పోయినట్టే. మైదానం వేలంపాటకి కట్టిన డబ్బు, డీజిలు, కుర్రాళ్ల కూలి, లారీ అద్దె అన్నీ ఆ పదో ఇరవయ్యో రాత్రుల్లో రాబట్టుకోవాలి. నష్టం యజమానిది. ఎక్కేవాడికి న్యాయంగా కనిపించేది తీర్థం పద్ధతే: తిరిగితేనే డబ్బు. కానీ ఆపాల్సిన చెయ్యి ఎవరిదో, ఆపితే నష్టం కూడా ఆ చేతికే. పార్కు పద్ధతి ఎక్కేవాడిని విసిగిస్తుంది, కానీ అనుమానం వచ్చినప్పుడు మీట నొక్కే మనిషికి వెనకాడాల్సిన పని లేదు. మొరాయించే రైడ్ గురించి నేను విన్న అభిప్రాయాల్లో ఏదీ ఈ లెక్క దగ్గరికి రాలేదు. నాకు మాత్రం అసలు సంగతి ఇదేననిపిస్తుంది.

అనంతపురంలో 2018 మే నెలలో జరిగినది మరిచిపోకూడదు. జూనియర్ కాలేజీ మైదానంలో ఎగ్జిబిషన్. జెయింట్ వీల్ తొట్టి ఒకటి ఊడిపడి పదేళ్ల పాప చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. నట్టు వదులైందని కింద ఉన్నవాళ్లు చెప్పినా చక్రం ఆపలేదని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ రాత్రి ఆ చక్రం మీద "మొరాయిస్తుంది" అన్న ఫిర్యాదు ఎవరికీ లేదు.

పెద్ద పార్కుల్లో ఇలాంటివి జరగవని కాదు. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర లోలకంలా ఊగే రైడ్ నడిమి కాడ విరిగి ఇద్దరు చనిపోయారు, పాతికమందికి పైగా గాయపడ్డారు. 2016లో చెన్నై దగ్గరి కిష్కింత పార్కులో జనాన్ని ఎక్కించకముందు పరీక్షగా తిప్పుతుంటేనే రైడ్ కూలి ఉద్యోగి ఒకరు మరణించారు. పరీక్షకి మనుషుల్ని కూర్చోబెట్టడం ఏమిటన్న ప్రశ్న అప్పుడే గట్టిగా అడగాల్సింది. నీళ్ల బొమ్మలు ఎందుకున్నట్టు? పార్కా తీర్థమా అన్నది ఒక్కటే కొలబద్ద కాదు. లోహం లోపలి పగులు కంటికి కనబడదు. ఇరుసుల్ని, అతుకుల్ని ఏటా విప్పి, శబ్ద తరంగాలతోనో అయస్కాంత పొడితోనో పరీక్షించినప్పుడే తెలుస్తుంది. ఆ పరీక్ష కోసం రైడ్‌ని వారాల తరబడి మూయాలి. మూస్తే మళ్లీ మనమే తిడతాం.

2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక రైడ్ జనాన్ని తలకిందులుగా వేలాడదీసి చాలాసేపు అలాగే ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దాని వీడియో చూసి నవ్వినవాళ్లున్నారు, భయపడ్డవాళ్లున్నారు. నేను పైన చెప్పిన వాదాన్ని పట్టుకుని "ఆగింది కాబట్టి మంచిదే" అంటే అది అడ్డగోలు వాదన అవుతుంది. ఆగడంలోనూ పద్ధతి ఉంది. మంచి యంత్రం ఆగితే మనిషి తల పైన, కాళ్లు కింద ఉండే చోట ఆగాలి, లేదా చేత్తోనైనా అక్కడికి తెచ్చే ఏర్పాటు ఉండాలి. కోస్టర్ ఆగే చోట్లు ముందే నిర్ణయించి, పక్కనే మెట్లు కట్టేది అందుకే. తర్వాతిసారి ఎక్కడికైనా వెళ్లినప్పుడు పట్టా పక్కన సన్నటి ఇనుప మెట్లు ఉన్నాయేమో చూడండి. అవి ఎక్కడున్నాయో అక్కడ ఆగడానికి ఆ బండి సిద్ధంగా ఉన్నట్టు.

పెద్దవాళ్ల మాట మిగిలింది: డబ్బిచ్చి మరీ భయం కొనుక్కోవడమేమిటి? ఈ ప్రశ్నకి నా దగ్గర గొప్ప సమాధానం లేదు. అవసరం కూడా లేదనుకుంటాను. వాన పడ్డప్పుడు పెద్దయెడ్లగాడి వంతెన దగ్గర నీళ్లు రోడ్డెక్కినా మోటార్ సైకిల్ తోసుకుంటూ కైకలూరు నుంచి ఏలూరు వచ్చే జనం మనం. భయం మనకు కొత్తేమీ కాదు. కాకపోతే ఆ భయానికి ఎవరూ టికెట్ పెట్టలేదు. టికెట్ పెట్టినవాడు మాత్రం భయం వరకే అమ్మాలి.

ఇక చేయగలిగింది ఏమిటంటే, పార్కుల వరకు పెద్ద పని లేదు. ఆ రోజు ఏ రైడ్లు తిరగడం లేదో గేటు దగ్గర, టికెట్ కొనకముందే బోర్డు మీద రాయాలి. ముఖ్యమైనది ఆగితే టికెట్‌లో కొంత తగ్గించాలి, లేదా మరో రోజు రమ్మనాలి. మూడు వందల కిలోమీటర్ల నుంచి వచ్చినవాడికి "మరో రోజు" వల్ల ఒరిగేదేమీ లేదు, కాబట్టి మొదటిదే మేలు. వింత రైడ్ తెరిచిన మొదటి ఏడాది దాన్ని ప్రకటనల ముందు వరసలో పెట్టకపోతే ఇంకా మంచిది. ఇది ఏ వ్యాపారీ ఒప్పుకోని సలహా అని నాకు తెలుసు.

తీర్థాల సంగతే కష్టం. ఎగ్జిబిషన్‌కి అనుమతి ఇచ్చేముందు పోలీసులు, అగ్నిమాపక శాఖ, ఇంజనీర్ల నుంచి కాగితాలు తెమ్మంటారు. అమ్యూజ్‌మెంట్ రైడ్ల మీద భారత ప్రమాణాల సంస్థ నియమాలూ ఉన్నాయి. కానీ కాగితం ఇచ్చేది ఒక రోజున నిలబెట్టిన చక్రానికి. ఆ చక్రం నెల తిరిగేసరికి విప్పి, లారీకెక్కి, ఇంకో ఊళ్లో ఇంకో నేల మీద లేస్తుంది. భీమవరంలో మావుళ్లమ్మ ఉత్సవాల్లో చూసి ఇచ్చిన కాగితంతో కొల్లేటికోట జాతరలో నడపకూడదు. విప్పి బిగించిన ప్రతిసారీ నట్లు కొత్తగా లెక్కపెట్టాలి, కాళ్ల కింది దిమ్మెలు కొత్తగా చూడాలి, చూసిన ఇంజనీరు పేరు, తేదీ టికెట్ కిటికీ పక్కన అతికించాలి. వాన పడిన మర్నాడు మళ్లీ చూసేదాకా తిప్పకూడదు. అలా ఆపిన రాత్రికి మైదానం అద్దె మున్సిపాలిటీయో, పంచాయతీయో, దేవస్థానమో వదులుకోవాలి. ఆ ఒక్క రాత్రి అద్దె మాఫీ చేస్తామని పాట పత్రంలోనే రాస్తే, టార్చిలైటుతో చుట్టు తిరిగే మనిషి వదులైన నట్టు చూసినప్పుడు యజమానిని నిద్రలేపడానికి వెనకాడడు.